నాలుగో పేరు

సత్తుపల్లి మొత్తమ్మీద గోల్ఫ్ గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. గొప్పకి చెప్పుకోవడం కాదు, పోటీ లేదు కాబట్టి చెబుతున్నాను. కిందటి నవంబరు దాకా నాకూ తెలీదు. బస్టాండు ఎదురుగా ఒక జిరాక్సు మిషనూ రెండు కంప్యూటర్లూ పెట్టుకుని ఆధార్ మార్పులు, హాల్ టికెట్లు, తిరుపతి దర్శనాలు చేసిపెడుతూ బతుకుతున్నాను. ఆ షాపులోకి గోల్ఫు బాబాయి చొక్కా జేబులో వచ్చింది.

బాబాయంటే నాకు చుట్టమేమీ కాదు, మా వీధి మనిషి. డెబ్భై రెండేళ్ళు. దమ్మపేట వైపు ఆరెకరాల పామాయిల్ తోట ఉంది. అశ్వారావుపేట ఫ్యాక్టరీకి గెలలు తోలి, వచ్చేటప్పుడు నా దగ్గర ఆగి, టీ తాగి, పేపరు చదివి పోతాడు. ఆ రోజు పేపరు తియ్యలేదు. జేబులోంచి ఒక తెల్లటి బంతి తీసి కౌంటరు మీద పెట్టాడు. అది దొర్లుకుంటూ పోయి స్టాంపు ప్యాడు దగ్గర ఆగింది. కోడిగుడ్డు లావుంది, గుండ్రంగా ఉంది, ఒళ్ళంతా అమ్మవారు పోసినట్టు గుంటలు.

“మావాడు పోయినసారి వచ్చినప్పుడు ప్యాంటు జేబులో మర్చిపోయాడు. మీ పిన్ని గుడ్డలు నానబెడుతుంటే దొరికింది. మూడేళ్ళయింది. బీరువాలో పెట్టా.”

“బీరువాలో ఎందుకు బాబాయ్?”

“వాడి వస్తువు గదా.” కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఈ ఆట సంగతేందో చెప్పు.”

“నాకేం తెలుసు?”

“నీకు తెలీకపోతే నీ డబ్బాకి తెలుసుగా.”

ఫోను తీసి కొడుకు పంపిన మెసేజీ చూపించాడు. డిసెంబరు 26 నుంచి నాలుగు రోజులు వైజాగ్‌లో గోల్ఫ్ ట్రిప్పు అనుకుంటున్నాం, మొత్తం నలుగురం, మెయిల్ పెడితే ఎవరూ జవాబివ్వడం లేదు, నువ్వు ఫోన్లు చేసి కనుక్కుని అన్నీ బుక్ చేయించు, అమ్మా నువ్వూ కూడా రావాలి అని ఉంది.

“నలుగురెవరు?” అన్నాను.

బాబాయి వేళ్ళు ముడిచాడు. “వాడు. మనవడు. కోడలి తమ్ముడున్నాడుగా హైదరాబాదులో, ఆ పిల్లోడు. నేను.” నాలుగో వేలు కాసేపు అలాగే పట్టుకున్నాడు. “లెక్క సరిపోయిందా?”

సరిపోయిందన్నాను.

కొడుకు ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. మనవాళ్ళ ఊరే అనుకోవచ్చు, సందుకో తెలుగు ఇల్లు. అమెరికా గోల్ఫు గురువుల సంఘం పీజీఏ తన హెడ్డాఫీసుని 2022లో ఆ ఊరికే తెచ్చిపెట్టింది. ఇడ్లీ బండి పక్కన ఉన్నవాడు ఇడ్లీ తినకుండా ఎలా ఉంటాడు? వాడికీ అలాగే అంటుకుని ఉంటుందని మేమిద్దరం తేల్చుకున్నాం.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా నా షాపులో గోల్ఫు బడి. ఆ టైములో గిరాకీ ఉండదు. నేను చదివి చెప్పడం, ఆయన వినడం. ఈ రకం ప్రయాణాలకి ప్రపంచంలో పేరున్న చోట్లేవో మొదట చూశాం. పోర్చుగల్‌లో అల్గార్వే, స్పెయిన్‌లో కోస్టా డెల్ సోల్. చలిదేశాల వాళ్ళు ఎండ కోసం అక్కడికి పోయి, సముద్రం పక్కన పచ్చిక మీద బంతి కొట్టుకుంటారు.

“ఎండ కోసమా?” అన్నాడు బాబాయి. “ఎండ కోసం డబ్బులు పెట్టి పోతారా? మే నెలలో మన సత్తుపల్లి రమ్మను. కొత్తగూడెం దాకా ఎంత కావాలంటే అంత, ఊరికే పట్టుకుపోవచ్చు.”

ఇంగ్లీషు దొరలు ఈ ఆటని మనకి ఏనాడో తెచ్చారని చెప్పాను. కలకత్తాలో 1829లోనే క్లబ్బు పెట్టుకున్నారు, బ్రిటన్ బయట అంత పాతది ఇంకోటి లేదంటారు. హైదరాబాదులో గోల్కొండ కోటని ఆనుకున్న నయా ఖిల్లాలో ఒకటి ఉంది.

“అవును, మా వియ్యంకుడు అక్కడే ఆడతాడంట. బ్యాంకులో చేసి రిటైరయ్యాడు గదా, పొద్దున్నే పోతాడంట. కోటలో ఆటేందిరా అనుకున్నా అప్పుడు.”

ఆ నయా ఖిల్లాలోనే ఏనుగుల చెట్టని పిలిచే బావోబాబ్ మాను ఉందని, తొర్రలో మనుషులు దూరేంత లావని చెబితే ఆట మాట వదిలేసి అరగంట దాని గురించే అడిగాడు. రైతుకి చెట్టు చూపిస్తే అంతే.

గుంత దగ్గర అసలు చిక్కొచ్చింది. మైదానంలో మొత్తం 18 గుంతలు, ఒక్కోటి అడ్డంగా నాలుగుంబావు అంగుళాలు. ఎక్కడో మూడు నాలుగు వందల గజాల దూరం నుంచి మొదలుపెట్టి, వీలైనన్ని తక్కువ దెబ్బల్లో బంతిని ఆ గుంతలో పడెయ్యాలి. బాబాయి జానెడు చాచి కౌంటరు మీద నాలుగుంబావు అంగుళాలు కొలుచుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఊరి బొగ్గు గని ఓపెన్ కాస్టులో బ్లాస్టింగు మోగింది, షట్టరు జలజలమంది.

“ఇంత చిన్న గుంత తవ్వి దానికోసం అంత దూరం నుంచి కొట్టడమెందుకురా? మన ఊరి గొయ్యి చూపించు వాళ్ళకి. కళ్ళు మూసుకుని కొట్టినా పడుద్ది.”

అయినా ఆట పట్టుబడింది ఆయనకి. చిన్నప్పుడు గోలీలాడినవాడికి గుంత సంగతి చెప్పాలా, బిళ్ళంగోడు ఆడినవాడికి కర్ర సంగతి చెప్పాలా! ఈ రెండూ కలిపి కోటీశ్వరులకి అమ్మితే గోల్ఫయిందని తీర్మానించాడు. బంతి బరువు 45.93 గ్రాములు దాటకూడదని రూలు చదివితే, నమ్మక, తన బంతిని కంసాలి దుకాణానికి తీసుకుపోయి బంగారం తూచే కాటాలో పెట్టించాడు. వచ్చి “కరెక్టే” అన్నాడు, ఏదో ఆ రూలు తను పాసు చేసినట్టు.

బంతికి గుంటలెందుకని ఒక రోజు అడిగాడు. వెనకటి రోజుల్లో బంతులు నున్నగా ఉండేవి. వాడగా వాడగా దెబ్బలు తిని గీతలు పడ్డ పాత బంతులు కొత్తవాటికంటే దూరం పోవడం ఆటగాళ్ళు గమనించారు. దాంతో కావాలనే గుంటలు పెట్టడం మొదలైంది. గరుకు బంతి చుట్టూ గాలి అంటిపెట్టుకుని పోతుంది, వెనక్కి లాగే బలం తగ్గుతుంది. ఇది చెప్పినప్పుడు బాబాయి బంతిని చేతిలో చాలాసేపు తిప్పి, “నలిగిందే దూరం పోయిందన్నమాట” అన్నాడు. నేను అప్పటికి ఎవరికో పాన్ కార్డు జిరాక్సు తీస్తున్నాను.

కర్రలు 14 దాకా తీసుకుపోవచ్చు. అన్నీ ఒక పొడుగాటి సంచిలో. ఆ సంచి పది పదిహేను కిలోలు తూగుతుంది. 18 గుంతలూ తిరిగేసరికి ఆరేడు కిలోమీటర్లు నడక. అంచేత మోయడానికి క్యాడీ అని ఒక మనిషి ఉంటాడు.

“పదిహేను కిలోలకి ఒక మనిషా?” బాబాయి నవ్వాడు. “మావాణ్ణి బెజవాడలో ఇంటర్లో చేర్పించినప్పుడు రేకుపెట్టె ఎంతుందనుకున్నావ్? పుస్తకాలు, పరుపు, మీ పిన్ని పెట్టిన పచ్చడి జాడీలు రెండు. బస్టాండు నుంచి హాస్టలు దాకా భుజం మీదే. రిక్షావాడు ముప్ఫై అడిగాడని మొండికేశా. మావాడు నా వెనకాలే ఖాళీ చేతుల్తో నడిచొచ్చాడు.”

“క్యాడీ ఉత్త మోతగాడు కాదు బాబాయ్,” అన్నాను, చదువుతున్నది వదలకుండా. “ఏ కర్ర తియ్యాలో, గాలి ఎటుందో, నేల ఎటు వాలిందో ఆటగాడికి చెప్పేది క్యాడీనే. ఆట నడుస్తుండగా ఆటగాడు సలహా అడగాలంటే తన క్యాడీనే అడగాలి. ఎదురాడేవాళ్ళని అడిగితే రెండు దెబ్బలు జరిమానా. రూలు.”

“మావాడు సలహా అడగడమా!” ఇంకా పెద్దగా నవ్వాడు. “ఇంటర్లో ఎంపీసీ తీసుకోనా బైపీసీ తీసుకోనా నాన్నా అనడిగాడు. అంతే, మళ్ళీ లేదు. ఫ్రిస్కోలో ఇల్లు కొన్న సంగతి గృహప్రవేశం ఫొటోలొచ్చాక తెలిసింది మాకు. మీ పిన్ని ఆ ఫొటోలో గడపకి పసుపు రాశారా లేదా అని పెద్దది చేసి చూసుకుంది.”

నవ్వుతూనే చెప్పాడు కాబట్టి నేనూ నవ్వాను.

తీగల సాహిత్ వీడియోలు చూపించింది కూడా ఆ వారంలోనే. తల్లిదండ్రులది హైదరాబాదు, కుర్రాడు పుట్టింది కాలిఫోర్నియాలో. 2023 సెప్టెంబరులో నాపాలో పీజీఏ టూర్ పోటీ గెలిచాడు. తెలుగు ఇంటిపేరు అంత పెద్ద బోర్డు మీద చూసి బాబాయి కుర్చీలో ముందుకు జరిగాడు. కానీ ఆయన చూపు కుర్రాడి మీద నిలవలేదు.

“ఆ తాడేంది?”

“జనం లోపలికి రాకుండా కడతారు.”

“అమ్మానాన్నలో?”

“వాళ్ళూ తాడు అవతలే. లోపల ఆటగాడు, క్యాడీ. ఇంకెవరూ ఉండకూడదు.”

“కన్నవాళ్ళయినా?”

“రూలు బాబాయ్.”

డిసెంబరు మొదటివారానికి సరంజామా సిద్ధమయింది. గోల్ఫు మైదానంలోకి పంచె కుదరదు, కాలరున్న చొక్కా, ప్యాంటు, బూట్లు ఉండాలని నేనే చెప్పాను. బాబాయి ఆఖరిసారి ప్యాంటు తొడిగింది తన పెళ్ళికి. అది గంట మోడలు. టైలరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. కొలతలు తీస్తుంటే చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు, పోలీసులు సోదా చేస్తున్నట్టు. “వంగి కొట్టాల, కాస్త వదులు పెట్టు” అని రెండుసార్లు చెప్పాడు. బూట్లు ఖమ్మంలో కొన్నాడు, తెల్లవి. మడమ కరుస్తోందని దూది పెట్టుకుని వీధిలో నడక సాగించాడు. వీధిలో కుక్కలు కొత్త మనిషనుకుని మొరిగాయి.

ఒక ఆదివారం తోటకి రమ్మన్నాడు. పామాయిల్ మొక్కలు ముక్కోణంగా తొమ్మిది మీటర్లకొకటి వేస్తారు, ఎకరానికి 57 వస్తాయి. ఆయనకి కొలబద్ద అదే. “మూడు చెట్ల దూరం కొట్టా నిన్న” అంటాడు. బంతి పోతుందని దాన్ని మాత్రం జేబులోంచి తియ్యలేదు. పచ్చడికి తెచ్చిన నిమ్మకాయలు వరసగా పేర్చి, చేతికర్ర తలకిందులుగా పట్టుకుని, వంకీతో కొట్టాడు. మొదటి కాయ చితికి చొక్కా మీద పడింది. రెండోది చెట్టుకి తగిలి వెనక్కొచ్చింది. మూడోది, నిజం చెప్పాలి, రెండు మట్టల మధ్యనుంచి పోయి కాలవలో పడింది. బాబాయి ఎటు పోయిందో చూడలేదు, నావంక చూశాడు. గెలలు కోసే కుర్రాళ్ళు పనాపి చప్పట్లు కొట్టారు.

“మావాడి ముందు పరువు పోకూడదుగా” అన్నాడు, బూటు మీద నిమ్మరసం తుడుచుకుంటూ.

దారి కూడా ఆయనే గీశాడు. అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం, దేవరపల్లి, రాజమండ్రి. అక్కణ్ణుంచి అన్నవరంలో ఆగి సత్యనారాయణస్వామి ప్రసాదం, సాయంత్రానికి వైజాగ్. మూడు వందల పైచిలుకు కిలోమీటర్లు. కొడుక్కి అమెరికా కారు అలవాటు కాబట్టి ముందు సీటు వాడికి. వైజాగ్‌లో ఆట ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ క్లబ్బులో, బస సముద్రం ఎదురుగా. పొద్దున్నే ఆట, ఎండెక్కేలోపు గదికి, సాయంత్రం పిన్నికి సముద్రం. ఆమె ఇంతవరకూ సముద్రం చూడలేదు. గోదావరి చూసింది, భద్రాచలంలో. “అంతకంటే పెద్దదా?” అని అడిగిందట. వేడుకగా చెప్పాడు.

సంక్రాంతి దాకా ఉండమని కొడుకుని అడిగావా అన్నాను. జనవరి 5న తిరుగు విమానం, సెలవుల్లేవని జవాబు. పండగ మాట మళ్ళీ ఎత్తలేదు బాబాయి.

వైజాగ్‌లో ఒక ట్రావెల్స్ ఆయన దొరికాడు, మంచిమనిషి. అన్నీ తనే మాట్లాడి పెడతానని, ఒక ఫారం పంపి నింపమన్నాడు. ఆడేవాళ్ళ పేర్లు, వయసులు. ఒక జట్టుగా బయల్దేరడానికి నలుగురికి మించి వీల్లేదు. కర్రల సంచులు సొంతానివా, అద్దెకి కావాలా. క్యాడీలు ఎంతమంది. నాకు తెలిసినంతవరకు నింపాను. కొడుకు పేరు, మనవడి పేరు, కోడలి తమ్ముడి పేరు. నాలుగో గడిలో బాబాయి పేరు, ఇంటిపేరుతో సహా. వయసు 72. క్యాడీలు నలుగురు. పంపేముందు ఒకసారి కొడుక్కి చూపిద్దామన్నాడు బాబాయి. “పేర్లలో స్పెల్లింగులు వాడికి పట్టింపు.” స్క్రీను ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. అక్కడ అర్ధరాత్రి కదా, జవాబు పొద్దున వస్తుందన్నాను.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు. కొత్త ప్యాంటు వేసుకొచ్చాడు. అలవాటు పడాలిగా. బూట్లు కూడా. కూర్చోలేదు. ఫోను నా చేతికిచ్చాడు.

“కళ్ళజోడు మర్చిపోయొచ్చా. చదువు.”

కళ్ళజోడు చొక్కా జేబులోనే ఉంది, బంతి పక్కన. నేను చదివాను. ముందు మనసులో చదువుకున్నాను, తర్వాత పైకి.

నాన్నా, థాంక్స్, అన్నీ బాగా సెట్ చేశావు. ఒక్క చిన్న కరెక్షన్. నాలుగో పేరు మామయ్యగారిది పెట్టించు, ఆయన రెగ్యులర్‌గా ఆడతారు, నలుగురం సరిపోతాం. నీకు మోకాళ్ళ నొప్పులు కదా, అంత దూరం ఎందుకు నడవడం. నువ్వూ అమ్మా రూములో హాయిగా రెస్ట్ తీసుకోండి. సీ వ్యూ చెప్పాను.

చివర ఒక నవ్వు బొమ్మ, ఒక కొబ్బరిచెట్టు బొమ్మ.

షాపులో ఇంకెవరూ లేరు. జిరాక్సు మిషను వేడెక్కిన వాసన. “బాబాయ్, నేను మాట్లాడనా అన్నయ్యతో?” అన్నాను.

“ఎందుకు? ఆయన రోజూ ఆడేవాడు. వాడన్నది నిజమేగా.” కౌంటరు మీద చెయ్యి పెట్టుకుని స్క్రీను వైపు తిరిగాడు. “మార్చు.”

ఫారం తెరిచాను. నాలుగో గడి. ఒకేసారి చెరపొచ్చు, ఎందుకో ఒక్కో అక్షరం చొప్పున చెరిపాను. పేరు పోయింది. ఇంటిపేరు పోయింది. 72 మిగిలిపోయింది, దాన్నీ తీసేశాను. వియ్యంకుడి పేరు ఆయనే ఒక్కో అక్షరం చెప్పాడు, గౌరవంగా, చివర ‘గారు’ కూడా పెట్టమన్నాడు. ఫారంలో గారు అక్కర్లేదన్నాను.

“పంపెయ్యనా?”

“ఆగు.” వంగి స్క్రీనుకి దగ్గరగా వచ్చాడు. “ఆట మధ్యలో సలహా కావాలంటే ఎవర్ని అడగాలన్నావ్?”

“క్యాడీని.”

“మామగారిని అడిగితే?”

“రెండు దెబ్బలు జరిమానా బాబాయ్.”

తల ఊపాడు. జేబు మీంచి బంతిని తడిమి చూసుకున్నాడు.

“క్యాడీలు నలుగురని వేశావుగా. ముగ్గురు చెయ్యి. బూట్లు ఎలాగూ కొన్నాం.”